వీధి చివర ఓడ, మనిషంత చంద్రుడు: వైజాగ్‌లో ఇలాంటి ఫోటోలు ఎలా తీయాలి

పౌర్ణమి మర్నాడు నాకు వచ్చే మెసేజ్‌లన్నీ ఒకే రకంగా ఉంటాయి. "బీచ్‌లో చంద్రుడు పళ్ళెమంత కనిపించాడండీ, ఫోన్‌లో చూస్తే బియ్యపు గింజంత ఉన్నాడు. నా ఫోన్‌లో ఏమైనా తేడా ఉందా?" మిగతా రోజుల్లో ఇంకో రెండు ప్రశ్నలు. నోవాటెల్ డౌన్‌లో, అంటే నోవాటెల్ పక్క నుంచి సముద్రం వైపు దిగే వాలు రోడ్డులో, ఓడ రోడ్డు మీదకు వచ్చేసినట్టు ఉండే ఫోటోలు ఎడిటింగా అని ఒకటి. కైలాసగిరి కొండ మీది శివపార్వతుల్ని అరచేతిలో నిలబెడదామంటే విగ్రహం ఎప్పుడూ చేతి పక్కకే ఎందుకు పోతోందని రెండోది.

మూడింటికీ జవాబు ఒకటే. ఫోటోలో రెండు వస్తువుల్లో ఏది పెద్దది, ఏది చిన్నది, ఏది దేని పక్కన ఉంటుంది అన్నది మీరు నిలబడిన చోటును బట్టి ఉంటుంది. జూమ్ చేసే పనల్లా ఆ కనిపిస్తున్న దాంట్లో కొంత భాగాన్ని పెద్దది చేసి చూపించడమే. ఈ మాట నమ్మకపోతే మొదటి పరీక్ష చేయండి, తర్వాతే బీచ్‌కి వెళ్ళండి. అది చేయకుండా వెళ్ళినవాళ్ళు మళ్ళీ అదే మెసేజ్ పెడుతున్నారు.

కావలసినవి

- 3ఎక్స్ (మూడింతలు పెద్దది చేసి చూపేది) లేదా అంతకన్నా ఎక్కువ అసలైన టెలి లెన్స్, అంటే దూరపువాటిని దగ్గరగా చూపే లెన్స్, ఉన్న ఫోన్, లేదా 200 మిల్లీమీటర్లు దాటే లెన్స్ ఉన్న కెమెరా. అరచేతి ఫోటోకి ఏ ఫోనైనా చాలు.
- ట్రైపాడ్. లేకపోతే బియ్యం నింపిన చిన్న గుడ్డసంచి. పిట్టగోడ మీద సంచి పెట్టి, దాని మీద ఫోన్ ఆనిస్తే కదలదు.
- దూరంగా నిలబడే ఓపిక ఉన్న ఒక మనిషి. ఇద్దరికీ ఇయర్‌ఫోన్లు, ఎందుకంటే మాట్లాడుకుంటూ సర్దుకోవాలి.
- ఓడల కోసం మెరైన్‌ట్రాఫిక్ యాప్, చంద్రుడి కోసం స్టెల్లేరియం యాప్, దూరం కొలవడానికి ఫోన్‌లోని మ్యాప్. తిథికి ఇంట్లో గోడ క్యాలెండర్ చాలు.
- ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసులు.

ముందుగా గ్లాసుల పరీక్ష

1. మేడ మీద పిట్టగోడపై ఒక గ్లాసు పెట్టండి. దాని వెనక రెండడుగుల దూరంలో రెండోది పెట్టండి. మొదటి గ్లాసుకి ఒక అడుగు ఇవతల ఫోన్ ఉంచి 1ఎక్స్‌లో, అంటే జూమ్ లేకుండా, ఫోటో తీయండి. ముందు గ్లాసు వెనకదానికి మూడింతలు ఉంటుంది.

2. గ్లాసులు కదపకండి. మీరు పది అడుగులు వెనక్కి వచ్చి, 3ఎక్స్ జూమ్‌తో మళ్ళీ తీయండి. ఇప్పుడు రెండు గ్లాసులూ ఇంచుమించు సమానం. ఒకదానికొకటి ఆనుకుని ఉన్నట్టు కూడా అనిపిస్తుంది.

3. కదలకుండా అదే చోటు నుంచి 1ఎక్స్‌లో ఇంకొకటి తీసి, గ్లాసులు నిండేలా చుట్టూ కత్తిరించండి (క్రాప్). రెండో ఫోటో పక్కన పెట్టి చూడండి.

ఫలితం సరిచూసుకోవడానికి ఫోన్ తెర మీద స్కేలు పెట్టి గ్లాసుల ఎత్తు కొలవండి. రెండో ఫోటోలో, మూడో ఫోటోలో రెండు గ్లాసుల నిష్పత్తి ఒకటే రావాలి. జూమ్ మారింది, నిష్పత్తి మారలేదు. మొదటి ఫోటోకి, రెండో ఫోటోకి మధ్య మారింది మీ అడుగులే. ఇది చేతికి వచ్చిందంటే మిగతాదంతా దీన్నే కిలోమీటర్లలోకి సాగదీయడం.

డౌన్ చివర ఓడ

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫోటో ఇది. ఈ ఊరికే సొంతమైనట్టు ఉంటుంది. సముద్రం వైపు దిగే వాలు రోడ్లను మనం డౌన్ అంటాం కదా, నోవాటెల్ డౌన్, కలెక్టరాఫీసు డౌన్ అని. వాటి పైనుంచి చూస్తే సముద్రం పరుచుకున్నట్టు ఉండదు, నీలం గోడలా లేచి నిలబడినట్టు ఉంటుంది. నింగీ నీరూ కలిసే గీత ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే కనబడుతుంది, అందుకు. మీరు 30 మీటర్ల ఎత్తుకు ఎక్కితే ఆ గీత కూడా మీతో పాటే పైకి వస్తుంది. అప్పుడు 300 మీటర్ల అవతల రోడ్డు అడుగున ఉన్న ఆటోకి ఎనిమిది అంతస్తుల పైన, 5 కిలోమీటర్ల దూరంలోని ఓడ తేలుతున్నట్టు కనిపిస్తుంది.

1. మధ్యాహ్నం భోజనమయ్యాక మెరైన్‌ట్రాఫిక్ తెరవండి. పోర్టులోకి పిలుపు కోసం బయట లంగరు వేసి ఉన్న ఓడలు కనిపిస్తాయి. ఒక్కోదాని మీద నొక్కితే పొడవు తెలుస్తుంది. 180 మీటర్లు దాటినదాన్ని ఎంచుకుని, అది మీ వీధికి ఎంత దూరమో మ్యాప్‌లో కొలిచి రాసుకోండి.

2. వీధి వెడల్పు కూడా మ్యాప్‌లో కొలవండి. రెండు పక్కలా మేడలు ఉన్న వీధి మంచిది. ఆ మేడలే ఓడకి చట్రం.

3. ఇప్పుడు చిన్న లెక్క. ఓడ పొడవును ఓడ దూరంతో భాగించండి. వీధి వెడల్పును మీ నుంచి వీధి చివరి దాకా ఉన్న దూరంతో భాగించండి. రెండూ సమానమైతే ఓడ వీధిని నిండుగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆక్రమిస్తుంది. 200 మీటర్ల ఓడ 5 కిలోమీటర్ల దూరంలో ఉంటే 0.04. వీధి 12 మీటర్ల వెడల్పైతే, చివరి నుంచి 300 మీటర్లు వెనక నిలబడితే అదీ 0.04.

4. ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. ఓడ చిన్నగా ఉందని దానికి దగ్గరగా, అంటే డౌన్ దిగి ముందుకు వెళ్తారు. వీధి చివరికి 100 మీటర్లకు వచ్చేసరికి ఓడ వీధిలో మూడో వంతుకు కుంచించుకుపోతుంది. కారణం చూడండి: ఓడకి మీరు దగ్గరైంది 5 కిలోమీటర్లలో 200 మీటర్లే, వీధి చివరికి మాత్రం మూడింతలు దగ్గరయ్యారు. ఓడ పెద్దది కావాలంటే దాని నుంచి దూరం జరగాలి. డౌన్ ఎక్కండి.

5. లంగరు వేసిన ఓడ ఒకే వైపు ఉండదు. గాలికీ ప్రవాహానికీ మెల్లగా తిరుగుతుంది. మీ వైపు ముక్కు పెట్టి ఉంటే 200 మీటర్ల ఓడ కూడా ఒక చిన్న పెట్టెలా కనిపిస్తుంది. అప్పుడు ఒకటి రెండు గంటలాగి చూడండి, లేదా వేరే రోజు రండి. సరుకు దించేసిన ఖాళీ ఓడ దొరికితే వదలకండి. అది నీటి పైకి తేలి, అడుగున ఉండే ఎర్రరంగు బయటపడుతుంది, ఇంకా ఎత్తుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

6. సాయంత్రం మూడు తర్వాత తీయండి. ఎండ మీ వెనక నుంచి ఓడ మీద పడుతుంది. ఉదయం సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు కాబట్టి ఓడ నల్లటి ఆకారంగా వస్తుంది. అదీ బాగుంటుంది, కానీ మేడలు కూడా నల్లబడిపోతాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వద్దు. వేడిగాలి కదలాడి ఓడ అంచులు నీళ్ళలో ముంచినట్టు వంకర్లు పోతాయి.

7. 10ఎక్స్‌లో ఈ ఓడ ఫోటో వెడల్పులో మూడో వంతుకు కాస్త తక్కువ వస్తుంది. 5ఎక్స్‌లో ఏడో వంతు. 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో దాదాపు సగం. మీ ఫోన్‌కి 5ఎక్సే ఉంటే నిరాశపడకండి, వీధిని ఎక్కువ చూపించండి. నిష్పత్తి పాడవదు.

8. ఫ్రేములో అందరికీ సైజు తెలిసిన వస్తువు ఒకటి ఉండి తీరాలి. స్కూటరు, కరెంటు స్తంభం, నడిచే మనిషి, ఏదైనా సరే. అవి లేకుండా ఓడను మాత్రమే జూమ్ చేస్తే అది ఉత్త ఓడ ఫోటో.

నేను ఒక డిసెంబరు సాయంత్రం తీసిన ఫోటోలో రోడ్డు పక్క ఇస్త్రీ బండి ఉంది. ఇస్త్రీ చేసే ఆయన చొక్కా దులుపుతున్నాడు. చొక్కా గాలిలో విప్పారిన క్షణంలో దాని కాలరుకు సరిగ్గా పైన ఓడ ముక్కు, ముక్కు మీద తుప్పు చార కూడా కనిపిస్తోంది. చూసినవాళ్ళందరూ మొదట అడిగేది ఓడ గురించి కాదు, "ఆయనకి భయం వేయలేదా?" అని. అలా అడిగారంటే ఫోటో కుదిరినట్టే.

ఫలితం సరిచూడండి: ఫోటోలో ఓడ పొడవును, వీధి వెడల్పును స్కేలుతో కొలిచి నిష్పత్తి తీయండి. మీరు వేసిన లెక్కకు దగ్గరగా రావాలి. బాగా తక్కువ వచ్చిందంటే ఓడ ఏటవాలుగా తిరిగి ఉంది, లేదా మీరు అనుకున్న ఓడ అది కాదు. యాప్ లేకపోతే దూరాన్ని ఇలా ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. ఇసుకలో నిలబడిన మనిషికి నింగీ నీరూ కలిసే గీత సుమారు 4.5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఓడ అడుగున నీరు తాకే చోటు స్పష్టంగా కనిపిస్తుంటే ఓడ అంతకన్నా ఇవతలే ఉంది. అడుగు భాగం మునిగినట్టు ఉంటే అవతల ఉంది.

జాగ్రత్తలు: రోడ్డు మధ్యలో నిలబడకండి. డౌన్‌లో బండ్లు ఇంజను ఆపేసి జారుతూ వస్తాయి, చప్పుడు కూడా వినపడదు. ఫుట్‌పాత్ మీద ట్రైపాడ్ పెట్టుకుంటే వీధి కాస్త ఏటవాలుగా వస్తుంది, ఫర్వాలేదు. ఇది నేవీ ఊరు. డాల్ఫిన్స్ నోస్ వైపు, నేవీ ఆవరణల వైపు, యుద్ధనౌకల వైపు పెద్ద లెన్సులు తిప్పకండి. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేసే ఆలోచన అసలే వద్దు.

మనిషి వెనక పెద్ద చంద్రుడు

ముందు మీ కన్ను చేస్తున్న పని తెలుసుకోండి. సముద్రం మీద ఉదయిస్తున్న చంద్రుడి వైపు చెయ్యి పూర్తిగా చాచి చిటికెన వేలి గోరు అడ్డం పెట్టండి. గోరులో సగమే సరిపోతుంది. రాత్రి పదింటికి, చంద్రుడు బాగా పైకి వచ్చాక, మళ్ళీ అదే చేయండి. అప్పుడూ సగం గోరే. ఉదయించేటప్పుడు పెద్దగా ఉన్నట్టు అనిపించడం మన మెదడు చేసే మాయ. కెమెరాకి ఆ మాయ తెలియదు. 1ఎక్స్‌లో చంద్రుడు ఫోటో పొడుగులో 150వ వంతు. బియ్యపు గింజ అన్నది నిజమే, ఫోన్ తప్పేమీ లేదు.

చంద్రుడిని పెద్దది చేయలేం. పక్కన ఉన్న వస్తువును దూరం పెట్టి చిన్నది చేయగలం. దానికి గుర్తుంచుకోవలసిన అంకె 110. ఏ వస్తువైనా తన సైజుకి 110 రెట్ల దూరంలో ఉన్నప్పుడు చంద్రుడంత కనిపిస్తుంది. 1.65 మీటర్ల మనిషి 180 మీటర్ల దూరంలో చంద్రుడంత. 9 మీటర్ల పడవ ఒక కిలోమీటరు దూరంలో చంద్రుడంత. బీచ్‌రోడ్డులో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. అదే సముద్రంలో ఉంటే 10 కిలోమీటర్ల దూరంలో చంద్రుడికి సరిసమానం. స్నేహితుడిని 10 మీటర్ల దూరంలో నిలబెట్టి జూమ్ చేసేవాళ్ళు చూసుకోండి: అక్కడ చంద్రుడు అతని అరచేతి వెడల్పంతే ఉంటాడు, ఎంత జూమ్ చేసినా.

1. పౌర్ణమి కన్నా ముందు రోజు, చతుర్దశి సాయంత్రం వెళ్ళండి. ఆ రోజు సూర్యుడు అస్తమించే ముందే చంద్రుడు వస్తాడు, మనిషి ముఖం మీద ఇంకా వెలుతురు ఉంటుంది. పౌర్ణమి నాడు చంద్రుడు సూర్యాస్తమయం వేళకు అటూ ఇటూగా వస్తాడు. కాస్త ఆలస్యమైతే మనిషి చీకట్లో నల్లగా, చంద్రుడు తెల్లటి బల్బులా వస్తాడు. మర్నాటి నుంచి రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యం.

2. దిక్కు చూసుకోండి. కార్తీక, మార్గశిర మాసాల్లో నిండు చంద్రుడు తూర్పుకి ఈశాన్యంగా, భీమిలి వైపు ఒరిగి వస్తాడు. ఎండాకాలంలో ఆగ్నేయంగా, నడిసముద్రం మీద. సరిగ్గా ఏ డిగ్రీ దగ్గరో స్టెల్లేరియంలో మీ తేదీ పెట్టి చూడండి.

3. మీరు పల్లాన, మనిషి మెరకన ఉండాలి. ఇది చాలామందికి తెలియదు. రోడ్డు గోడ మీద మీరు నిలబడి, కింద నీటి అంచున మనిషిని పెడితే నింగీ నీటి గీత అతని తల పైనే ఉంటుంది. చంద్రుడు ఎప్పుడూ ఆ గీతకు పైనే కదా, ఇక అతని వెనకకు ఎలా వస్తాడు? కాబట్టి మీరు ఇసుకలో కూర్చోవాలి, మనిషి అలలు అందని ఎండిన రాతి మీద నిలబడాలి. ఆ రాయి వెలుతురు ఉండగానే ఎక్కి చూసుకోండి.

4. బీచ్‌లో అలాంటి చోటు కుదరకపోతే ఇంతకన్నా సులువైన దారి ఉంది. మీ మేడకి తూర్పున 180 నుంచి 200 మీటర్ల దూరంలో, మీ మేడ కన్నా కాస్త ఎత్తుగా ఉన్న చుట్టాల మేడో స్నేహితుల మేడో చూసుకోండి. ఎంవీపీ కాలనీలో మా పిన్ని వాళ్ళ మేడ మీద నిలబడిన మా తమ్ముణ్ణి నేను మా మేడ మీది నుంచి ఇలాగే తీశాను. మనిషి మేడ నేల మీదే నిలబడాలి. పిట్టగోడ ఎక్కించొద్దు, ఫోటో కోసం ఎవరి ప్రాణం మీదకీ తేవద్దు.

5. కెమెరా సెట్టింగులు: 400 మిల్లీమీటర్ల లెన్స్, లెన్స్ ద్వారం ఎఫ్8, వెలుతురు గ్రహించే శక్తి ఐఎస్ఓ 200, షటరు సెకనులో 125వ వంతు దగ్గర మొదలుపెట్టండి. ఫోన్‌లో అయితే చంద్రుడి మీద వేలు నొక్కి పట్టి, వెలుతురు పట్టీని కిందికి లాగండి. చంద్రుడి మచ్చలు కనిపించాలి. కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి తామే మచ్చలు దిద్దుతాయి. సీన్ ఆప్టిమైజర్ లాంటిది ఉంటే ఆపేయండి.

6. చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత కదిలిపోతాడు. అందుకని మొదట నిలబడి తీయండి. చంద్రుడు మనిషి తల మీదకు పోతుంటే మోకాళ్ళ మీదకు, తర్వాత నేల మీదకు దిగండి. మీరు ఒక మీటరు దిగితే చంద్రుడు కూడా మనిషి వెనక మీటరు దిగినట్టే, ఇంకో నిమిషం పైగా చేతికి దొరుకుతుంది. అక్కడితో సరి, మిగతాది రేపటికే.

చంద్రుడు సరిగ్గా ఉదయించే నిమిషానికి కనబడకపోతే కంగారుపడకండి. సముద్రం మీది మంచుతెర వల్ల మొదటి కొన్ని నిమిషాలు అసలు తెలియదు, తర్వాత నారింజ రంగులో బయటపడతాడు. ఫలితం సరిచూడాలంటే ఫోటోలో చంద్రుడి వెడల్పు, మనిషి ఎత్తు కొలవండి. సమానం రాకపోతే దూరం తప్పింది. మనిషే పెద్దగా ఉంటే ఇంకా దూరం వెళ్ళాలి. చంద్రుడు రెట్టింపు కావాలనుకుంటే 360 మీటర్లు.

అరచేతిలో విగ్రహం

ఇది చిన్న పని, కానీ దీంట్లోనే గొడవలు ఎక్కువ. "కొంచెం ఎడమకి, కాదు కుడికి, పైకి పెట్టవే" అని అరవడం, చెయ్యి నొప్పి పుట్టిన పిల్ల ఏడవడం. చేయవలసిందల్లా ఇదే.

1. చెయ్యి పట్టుకున్నవాళ్ళను కదపకండి, మీరే కదలండి. మీరు నాలుగు వేళ్ళ మందం జరిగితే వెనక విగ్రహం కూడా ఇంచుమించు అంతే జరుగుతుంది. విగ్రహం చేతికి ఎడమన ఉంటే మీరు కుడికి జరగండి, చెయ్యి దాని కిందికి వస్తుంది. చెయ్యి కిందికి పోయి విగ్రహం గాలిలో తేలుతుంటే ఫోన్‌ను కాస్త కిందికి దించండి.

2. విగ్రహం పీఠాన్ని అరచేతి అంచు పూర్తిగా కప్పాలి. చేతికీ పీఠానికీ మధ్య వెంట్రుకంత ఆకాశమో, పచ్చగడ్డో కనిపించినా మాయ పోయింది. ఫోటో తీశాక అక్కడే పెద్దది చేసి ఆ అంచు చూడండి.

3. వెనక ఉన్నవాటిని మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ ఆపండి. చేతిని ఫోన్‌కి కనీసం రెండు మీటర్ల దూరంలో ఉంచండి. మరీ దగ్గర పెడితే చెయ్యో విగ్రహమో ఒకటి మసకబారుతుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకి 24 మిల్లీమీటర్లు, ఎఫ్11 పెట్టి 1.75 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు 0.9 మీటరు నుంచి ఆ చివరి దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి.

4. చేతి మీదా విగ్రహం మీదా ఎండ ఒకే వైపు నుంచి పడాలి. చెట్టు నీడలో చెయ్యి, ఎండలో విగ్రహం పెడితే ఎవరూ నమ్మరు.

వెనక్కి నడుస్తూ ఫ్రేము చూసుకోకండి. కైలాసగిరి మీద మెట్లున్నాయి, బీచ్‌లో అలలున్నాయి. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి లాగే బలం ఒడ్డున చూస్తే తెలియదు. సముద్రానికి వీపు పెట్టి నిలబడవద్దు, ఎవర్నీ నిలబెట్టవద్దు.

అడుగు లోతు కాలువను అగాధంగా చూపడం

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళేవాళ్ళకు ఇది. పెద్ద లోయల్ని వెతుక్కోనక్కర్లేదు. వాననీరు కోసిన జానెడు కాలువల ఆకారం కూడా పెద్ద లోయల్లాగే ఉంటుంది. ఫోన్‌ను తలకిందులు చేసి లెన్స్ నేలకు బెత్తెడు ఎత్తులో ఉండేలా పట్టుకుని, 0.5ఎక్స్‌లో (ఎక్కువ వెడల్పు చూపే లెన్స్‌తో) తీయండి. సైజు చెప్పేసేవన్నీ ఫ్రేములోంచి తప్పించాలి: ఎండుటాకు, చెప్పు ముద్ర, గడ్డిపోచ. ఒక్క జీడిమామిడి ఆకు చాలు గుట్టు రట్టు చేయడానికి. తీశాక పక్కనున్నవారికి చూపించి "ఇది ఎంత ఎత్తుంటుంది?" అని అడగండి. అడుగో రెండడుగులో అని చెబితే సైజు చెప్పేసేది ఇంకా ఏదో ఫ్రేములో ఉందని అర్థం.

అక్కడ తవ్వడం, గట్ల మీదకు ఎక్కడం చేయకండి. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించిన నేల అది. వేల ఏళ్ళ ఇసుక, కాలు వేస్తే రాలిపోతుంది. నాకు ఆ దిబ్బలంటే ప్రాణం, అందుకే గట్టిగా చెబుతున్నాను.

కట్టడాల్లో ఇదే పని

కెమెరా లేని కాలంలోనే కట్టేవాళ్ళు దీన్ని వాడారు. మన గాలిగోపురాల్లో అంతస్తులు పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. కింద నిలబడి తలెత్తితే ఉన్నదానికన్నా ఎత్తుగా అనిపిస్తాయి. రోమ్‌లో పలాజో స్పాదా అనే భవనంలో 17వ శతాబ్దంలో బొర్రోమినీ కట్టిన స్తంభాల నడవ 9 మీటర్లు కూడా ఉండదు. నేల పైకి లేస్తూ, కప్పు దిగుతూ, స్తంభాలు చిన్నవవుతూ ఉండడంతో నాలుగింతలు పొడుగున్నట్టు కనిపిస్తుంది. చివర ఉన్న శిల్పం నిలువెత్తు మనిషిలా ఉంటుంది కానీ నిజానికి 60 సెంటీమీటర్లే.

బాల్కనీ చిన్నదని బాధపడేవాళ్ళు ఇదే చేయవచ్చు. గుమ్మం దగ్గర పెద్ద కుండీలో పెద్దాకుల మొక్క, చివరికి పోయేకొద్దీ చిన్న కుండీలు, సన్నాకుల మొక్కలు. కుండీల వరసలు రెండూ చివర కాస్త దగ్గరపడాలి. ఇది గుమ్మంలో నిలబడి చూసేవారికే పనిచేస్తుంది. ఎవరైనా చివరిదాకా నడిచి వెళ్ళారంటే వాళ్ళు పెరిగిపోయినట్టు కనిపిస్తారు. కాబట్టి కుర్చీ గుమ్మం పక్కనే వేయండి.

ఫ్లాట్ ఫోటో చూసి మోసపోకుండా

ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఇదే. ఒకసారి అద్దెకోసం ఫోటోల్లో చూసిన హాలు క్రికెట్ ఆడుకునేంత ఉంది. వెళ్ళి చూస్తే సోఫా వేస్తే నడవడానికి చోటు లేదు. సెలవు పెట్టుకుని, అమ్మను కూడా తీసుకుని వెళ్ళాను. ఆ ఫోటో గది మూలకి వీపు ఆనించి 0.5ఎక్స్‌లో తీసింది. గ్లాసుల పరీక్షలో మొదటి ఫోటో లాంటిదన్నమాట: దగ్గరవి ఉబ్బిపోతాయి, ఎదుటి గోడ దూరం పారిపోతుంది.

1. అంచులు చూడండి. మూలన ఉన్న గోడ గడియారం, ఫ్యాను, కుండీ మూతి కోడిగుడ్డులా సాగి ఉంటే 0.5ఎక్స్‌లో తీసిందే.

2. టైల్స్ లెక్కపెట్టండి. ఇప్పుడు ఎక్కువ ఇళ్ళలో వేసేవి రెండడుగుల చదరాలు. ఎదుటి గోడ పొడుగునా ఐదు టైల్స్ ఉంటే గోడ పది అడుగులు. లెన్స్ టైల్స్‌ని సాగదీయగలదు కానీ వాటి సంఖ్యను పెంచలేదు. నేను చూసిన హాలుకి ఎదుటి గోడ దగ్గర ఉన్నవి ఐదే. ఆ రోజు లెక్కపెట్టి ఉంటే సెలవు మిగిలేది.

3. టైల్స్ చిన్నవేమో అని అనుమానం వస్తే గుమ్మంతో పోల్చండి. గది తలుపు మూడడుగుల వెడల్పుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ గుమ్మం కింద ఒకటిన్నర టైలు వస్తే అవి రెండడుగులవే.

4. ఇంకా తేలకపోతే ఇంటివాళ్ళను ఒక ఫోటో అడగండి: గుమ్మంలో నిలబడి, 1ఎక్స్‌లో, ఎదుటి గోడకు ఒక మనిషిని ఆనించి తీసింది. అది పంపడానికి వాళ్ళకు ఒక్క నిమిషం పడుతుంది. పంపకపోతే ఆటో ఎక్కకండి.